అమావాస్యకి హాన్లే: ఒక గామా టెలిస్కోప్ దగ్గరికి ప్రయాణం

బుధవారం, లేహ్

లేహ్‌లో విమానం దిగాక మొదటి రోజు ఏ పనీ పెట్టుకోకూడదని అందరూ చెప్తారు. సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు అది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా ఒక్క పూటలో వచ్చిపడ్డాం. మా బావ మాత్రం సూట్‌కేసు తనే ఎత్తి టాక్సీ పైన పెట్టబోయి, సగంలో దించేసి, ఆయాసపడుతూ నవ్వాడు. డ్రైవర్ ఏమీ అనకుండా దాన్ని ఒంటి చేత్తో పైకి చేర్చి తాడు బిగించాడు.

మేం వెళ్తున్నది హాన్లేకి. లేహ్‌కి ఆగ్నేయంగా 250 కిలోమీటర్ల పైచిలుకు దూరం, చైనా సరిహద్దుకి దగ్గర, చాంగ్‌థాంగ్ పీఠభూమి మీద ఉంటుంది. అక్కడ 4,270 మీటర్ల ఎత్తున మేస్ అనే గామా కిరణాల టెలిస్కోప్ ఉంది. పూర్తి పేరు మేజర్ అట్మాస్ఫెరిక్ చెరెంకోవ్ ఎక్స్‌పెరిమెంట్. భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ళ ప్రాజెక్టు. 2021లో తొలి పరిశీలనలు మొదలైతే, 2024 అక్టోబర్ 4న లాంఛనంగా ప్రారంభించారు. ఈ రకం టెలిస్కోపుల్లో ఆసియాలో ఇదే పెద్దది. ప్రారంభించిన నాటికి ఇంత ఎత్తున ప్రపంచంలో ఇంకెక్కడా లేదన్నారు.

మా ఇల్లు కుషాయిగూడలో. మా వైపు ఈసీఐఎల్ అంటే చాలామందికి సిటీ బస్సు బోర్డు మీది పేరు, సాయంత్రం పూట దాటలేని చౌరస్తా. అసలు కంపెనీ, అంటే ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, 1967లో పుట్టింది. దాన్ని నిలబెట్టిన ఏ.ఎస్.రావు గారి పేరే పక్కనున్న ఏఎస్ రావు నగర్‌కి పెట్టుకున్నాం. మేస్‌ని తయారుచేసింది ఆ ఈసీఐఎల్‌లోనే. మొదట హైదరాబాద్‌లో నిలబెట్టి చూసి, మళ్ళీ విప్పి, 2014లో లడఖ్‌కి పంపించారు. మన వీధి చివర నుంచి బయల్దేరిన యంత్రం ఏం పట్టుకోవడానికి అంత దూరం వెళ్ళిందో చూడాలని నాకు చాన్నాళ్ళ కోరిక.

మహాలయ అమావాస్య ఈసారి ఆదివారం పడింది. ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఇల్లు వదిలి పోతార్రా ఎవరైనా అని అమ్మ సణిగింది. చంద్రుడు లేని రాత్రి కావాలి మరి.

గురువారం, శుక్రవారం, లేహ్‌లోనే

రెండు రోజులూ నీళ్ళు తాగడం, నెమ్మదిగా నడవడం, పర్మిట్ కాగితాల పని. హాన్లే సరిహద్దు ప్రాంతం కాబట్టి మనవాళ్ళకైనా అనుమతి కాగితాలు ఉండాలి. నాలుగైదు జిరాక్సులు తీసిపెట్టుకుంటే దారిలో టెన్షన్ ఉండదు. డబ్బు కూడా ఇక్కడే డ్రా చేసుకోవాలి.

శుక్రవారం రాత్రి గెస్ట్‌హౌస్‌లో కరెంటు పోయింది. బావ ఫోన్ టార్చ్ వేసి అడిగాడు: "అంత ఎత్తున పెడితే నక్షత్రాలకి దగ్గరవుతుందా? నాలుగు కిలోమీటర్లు ఒక లెక్కా?" ఆయన చార్టర్డ్ అకౌంటెంట్. ప్రతిదానికీ ఖర్చు ఎక్కడ రాశారు, రాబడి ఎక్కడ రాశారు అని చూసే మనిషి. ప్రశ్న మాత్రం సరైన చోట తగిలింది.

నక్షత్రాల సంగతి పక్కన పెట్టాలి. గామా కిరణం అంటే విపరీతమైన శక్తి ఉన్న వెలుగే, అది అసలు నేల దాకా రాదు. మనం చూసే వెలుగు కణం ఒక్కోదానికి ఉండే శక్తి రెండు ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల శక్తికి కొలత) అనుకుంటే, మేస్ వెతికేవి 20 గిగా (గిగా అంటే వంద కోట్లు) ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి మొదలవుతాయి, అంటే వెయ్యి కోట్ల రెట్లు. అలాంటిది వాతావరణం పైపొరల్లో గాలి అణువుకి తగలగానే ఎలక్ట్రాన్, దాని ప్రతికణం పాజిట్రాన్ జంటగా మారిపోతుంది. ఆ జంట మళ్ళీ గామా కిరణాలు పుట్టిస్తుంది, అవి మళ్ళీ జంటలు. క్షణంలో వందలు, వేలు. ఈ జల్లులోని కణాలు గాలిలో కాంతికి ఉండే వేగాన్ని మించి పరుగెత్తుతాయి. శూన్యంలో కాంతిని ఏదీ దాటలేదు, కానీ గాలిలో కాంతి రవ్వంత నెమ్మదిస్తుంది. ఆ రవ్వంత తేడా చాలు. విమానం ధ్వనిని దాటితే ఢమాలుమన్నట్టే ఇక్కడ నీలిరంగు మెరుపు పుడుతుంది. రష్యన్ శాస్త్రవేత్త పావెల్ చెరెంకోవ్ 1934లో ద్రవాల్లో గమనించిన వెలుగు ఇదే. 1958లో ఇంకో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది.

మెరుపు సెకనులో వంద కోట్లవ వంతులు ఏ అయిదో పదో మాత్రమే ఉంటుంది. నేల మీద 120 మీటర్ల వ్యాసార్థం ఉన్న గుండ్రటి మడుగులా పరుచుకుని మాయమవుతుంది. టెలిస్కోప్ పట్టుకునేది దీన్ని. అంటే గాలే దాని లెన్సు, గాలే దాని తెర.

బావ చేతిలోంచి టార్చ్ తీసుకుని గోడ దగ్గరగా పెట్టి చూపించాను. వెలుగు చిన్న వలయంలో గట్టిగా పడింది. గది ఆ చివరికి వెళ్ళి పట్టుకుంటే గోడంతా పరుచుకుని పలచబడింది. జల్లు జరిగేది దాదాపు 10 కిలోమీటర్ల ఎత్తులో. హాన్లే దానికి దాదాపు సగం దూరం దగ్గరగా ఉంది. మెరుపు చిక్కగా ఉండగానే అందుతుంది, మధ్యలో మింగేసే గాలీ తక్కువ. కాబట్టి బలహీనమైన జల్లులు కూడా, అంటే తక్కువ శక్తి గామా కిరణాలు కూడా చేతికి చిక్కుతాయి.

"అదే తక్కువ శక్తి అయితే అంత గొప్పేముంది?" అన్నాడు. ఆ జవాబు హాన్లేలో చెప్తానని పడుకున్నాను. తలనొప్పి కూడా మొదలైంది.

శనివారం, సింధు వెంట

పొద్దున్నే బయల్దేరాం. ఉప్షి దాకా మనాలీ దారి, అక్కణ్ణుంచి ఎడమకి తిరిగి సింధు నదిని పట్టుకుని పోవాలి. చుమథాంగ్‌లో రోడ్డు పక్కనే వేడినీటి బుగ్గలు, ఆ పక్కనే మ్యాగీ అమ్మే కొట్లు. మాహే, న్యోమా దాటాక లోయ ఒక్కసారి విప్పారుతుంది. లోమా వంతెన దగ్గర కాగితాలు చూపించి అవతలికి వెళ్తే చెట్టూ లేదు, చేమా లేదు. పసుపు గడ్డి, ఆ వెనక గోధుమరంగు కొండలు, పైన నలుపుకి దగ్గరపడుతున్న నీలం. కియాంగ్ అనే అడవి గాడిదలు గుంపుగా నిలబడి మా బండిని చూశాయి. గాడిద అనడానికి మనసొప్పదు, గుర్రం తీరు ఉంటుంది వాటికి. పష్మీనా మేకలు తోలుకుపోతున్న చాంగ్పా కుర్రాడికి డ్రైవర్ "జూలే" అని చెయ్యూపాడు.

ఈ ఎడారితనమే టెలిస్కోపులకి వరం. వాన దాదాపు పడదు, గాలిలో తేమ లేదు, దగ్గర్లో పట్నం లేదు. హాన్లే రేఖాంశానికీ ఒక విలువ ఉంది. ఇలాంటి పెద్ద టెలిస్కోపులు కెనరీ దీవుల్లోని లా పాల్మాలో, నమీబియాలో, అమెరికాలోని అరిజోనాలో ఉన్నాయి. ఒక గెలాక్సీ భగ్గుమన్నప్పుడు వాళ్ళకి పగలైతే మనకి రాత్రి. మధ్యలో ఉన్న ఖాళీ గంటలని హాన్లే పూరిస్తుంది.

సాయంత్రానికి చేరాం. హాన్లే అంటే ఒక ఊరు కాదు, ఆరు చిన్న పల్లెలు. పదిహేడో శతాబ్దపు బౌద్ధ మఠం గుట్ట మీద కనిపించింది. హోమ్‌స్టే ఆవిడ ఉప్పు వేసిన వెన్న చాయ్ ఇచ్చింది. బావ ఒక గుక్క తాగి నా వైపు చూశాడు. నాకు మాత్రం నచ్చింది, రెండో కప్పు అడిగాను. రాత్రి థుక్పా అనే నూడుల్స్ సూప్‌లో మేం తెచ్చుకున్న కారప్పొడి కలుపుకున్నాం. కిటికీలకి మందపాటి నల్ల తెరలు. 2022 డిసెంబర్‌లో ఈ చుట్టుపక్కల 1,073 చదరపు కిలోమీటర్లని చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఇంట్లో దీపం బయటికి కనపడకూడదు, బండి హెడ్‌లైట్లు తగ్గించుకోవాలి. ఊరి కుర్రాళ్ళకీ ఆడపిల్లలకీ చిన్న టెలిస్కోపులిచ్చి శిక్షణ కూడా ఇచ్చారు. వచ్చినవాళ్ళకి శనిగ్రహం వలయాలు చూపించి వాళ్ళు నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్నారు.

ఆదివారం, అద్దం ముందు

పగలు కొండెక్కాం. సరస్వతి అని పిలిచే ఆ కొండ మీద, 4,500 మీటర్ల ఎత్తున, రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ 2000 నుంచీ ఉంది. దాన్ని నడిపేవాళ్ళు బెంగళూరు దగ్గర హోస్కోటెలో కూర్చుని ఉపగ్రహం ద్వారా నడుపుతారు. బావకి ఆ ఏర్పాటు బాగా నచ్చింది. "వర్క్ ఫ్రమ్ హోమ్ వీళ్ళే కనిపెట్టారన్నమాట" అన్నాడు.

కింద మైదానంలో మేస్. గుమ్మటం లేదు, కప్పు లేదు. 21 మీటర్ల వ్యాసం గల పళ్ళెం బట్టబయలుగా నిలబడి ఉంది. 356 పలకలు, ఒక్కో పలకలో నాలుగు అద్దాలు. అవి గాజువి కూడా కావు, వజ్రపు మొనతో నునుపు చేసిన అల్యూమినియం. మొత్తం బరువు 180 టన్నులు. 27 మీటర్ల వ్యాసం గల గుండ్రటి పట్టా మీద ఆరు చక్రాలతో తిరుగుతుంది. అద్దానికి ఎదురుగా, పొడుగాటి చేతుల చివర, టన్నుకి పైగా బరువుండే కెమెరా. అందులో 1,088 ఫోటోమల్టిప్లయర్ గొట్టాలు, ఒక్కో కాంతి కణాన్ని లెక్కపెట్టగలిగినవి. పగలు ఈ అద్దాన్ని సూర్యుడికేసి తిప్పనివ్వరు. అంత వెలుగు ఒక్కచోట చేరితే కెమెరా మసే.

బయటి నుంచే చూశాం. పని జరిగే చోటు కదా, లోపలికి వెళ్ళి అడ్డంపడాలని నాకూ లేదు. దగ్గర్లోనే ఇంకో వరస చిన్న టెలిస్కోపులు కనిపించాయి. అవి హగార్. టాటా పరిశోధన సంస్థ, భారత ఖగోళ భౌతిక సంస్థ కలిసి పెట్టిన ఏడు. ఒక్కోదానికి ఏడేసి చిన్న అద్దాలు. 2008 నుంచి పనిచేస్తున్నాయి. మేస్ రావడానికి ముందు ఎత్తు వల్ల లాభం ఉంటుందా అని తేల్చింది అవే. అవి మెరుపు వచ్చిన సమయాన్ని మాత్రమే కొలుస్తాయి, మేస్ మెరుపు బొమ్మ తీస్తుంది.

ఆ బొమ్మ ఎందుకంటే, ఆకాశం నుంచి జల్లులు కురిపించేది గామా కిరణాలొక్కటే కాదు. కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాలు, ముఖ్యంగా ప్రోటాన్లు, వాటికంటే వేల రెట్లు ఎక్కువ. గామా జల్లు కెమెరాలో సన్నటి కోడిగుడ్డు ఆకారంలో పడుతుంది, దాని పొడవు గీత మూలం వైపు చూపిస్తుంది. ప్రోటాన్ జల్లు చెల్లాచెదురుగా, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. రాత్రంతా తీసిన లక్షల బొమ్మల్లోంచి ఆ కాసిని గుడ్లు ఏరుకోవడమే వీళ్ళ అసలు ఉద్యోగం. ఈ విద్య మొదలైంది 1950ల మొదట్లో. ఇంగ్లండ్‌లోని హార్వెల్‌లో గాల్‌బ్రెయిత్, జెల్లీ అనే ఇద్దరు ఒక చెత్తడబ్బాలో చిన్న అద్దం, ఒక ఫోటోమల్టిప్లయర్ పెట్టి రాత్రి ఆకాశంలో ఈ మెరుపులని మొదటిసారి పట్టుకున్నారు. మన దగ్గర గుల్మార్గ్, మౌంట్ అబూ, పచ్‌మఢీ మీదుగా వచ్చి హాన్లేకి చేరింది.

"ఉపగ్రహం పంపితే ఈ గొడవే లేదుగా, పైన గాలే ఉండదు" అని బావ. పంపారు. ఫెర్మీ 2008 నుంచి తిరుగుతోంది. కానీ దాని గామా పరికరం కిరణాలని పట్టే విస్తీర్ణం ఒక చదరపు మీటరు లోపే. పేలిపోయిన ఒక నక్షత్రం మిగిల్చిన మేఘం, క్రాబ్ నెబ్యులా నుంచి 1,000 గిగా ఎలక్ట్రాన్ వోల్టులకి పైన వచ్చేవి చదరపు మీటరుకి ఏడాదికి ఆరేడు. ఉపగ్రహానికి అక్కడ ముష్టి గింజలే. నేల మీద అలా కాదు. ఆ 120 మీటర్ల మడుగులో ఎక్కడున్నా మెరుపు కనపడుతుంది కాబట్టి, టెలిస్కోప్ చుట్టూ దాదాపు 45,000 చదరపు మీటర్ల ఆకాశం వల అయిపోతుంది. ఇబ్బందల్లా, నేల మీది టెలిస్కోపులు చాలాకాలం వంద గిగాలకి పైన మాత్రమే చూడగలిగాయి, ఉపగ్రహాలకి పదుల గిగాల దగ్గరే గింజలు కరువయ్యేవి. ఆ రెంటి మధ్య సందు పూడ్చడమే మేస్ పని. బావ అడిగిన తక్కువ శక్తి గొప్ప అక్కడుంది.

ఆదివారం, రాత్రి

తొమ్మిదింటికి బయటికొచ్చాం. వేసుకున్న నాలుగు పొరల్లోంచీ చలి దిగుతోంది. పాలపుంత ఆ కొండ నుంచి ఈ కొండ దాకా. నగరంలో పుట్టిపెరిగిన మనిషికి మొదట నక్షత్ర మండలాలు గుర్తుపట్టడమే కష్టం, అన్ని చుక్కలుంటాయి. తూర్పున కృత్తికలు లేచాయి. వాటికి ఎడమగా, ఈశాన్యంలో పెర్సియస్ మండలం.

అక్కడే ఎన్‌జీసీ 1275 ఉంది, కంటికి కనపడదు. 20 కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉన్న రేడియో గెలాక్సీ, మధ్యలో బృహత్ కృష్ణబిలం. 2022 డిసెంబర్‌లో, 2023 జనవరిలో అది భగ్గుమన్నప్పుడు ఇదే మైదానంలోని మేస్ పట్టుకుంది. నాకు ఇష్టమైన లెక్క ఒకటి ఇక్కడ పనికొస్తుంది. వెలుగు ఒకటి రెండు రోజుల్లో పెరిగి తగ్గిందంటే, అది వచ్చే చోటు ఒకటి రెండు రోజుల కాంతి ప్రయాణం కంటే పెద్దది కాలేదు. లక్ష కాంతి సంవత్సరాల గెలాక్సీలో మన సౌరకుటుంబం అంత ముక్కలోంచి ఆ శక్తి అంతా ఎగదన్నుతోంది. కృష్ణబిలం దగ్గర్నుంచి చిమ్ముకొచ్చే కణాల ధార ఒకటుంది, అది ఆ కణాలకి అంత వేగం ఎలా అందిస్తుంది, అందులో ఉన్నవి ఎలక్ట్రాన్లా ప్రోటాన్లా అన్నది ఇప్పటికీ తేలని వాదం. ప్రోటాన్లే అని తేలితే 1912లో విక్టర్ హెస్ బెలూనెక్కి కనిపెట్టిన కాస్మిక్ కిరణాలు ఎక్కడ పుడుతున్నాయో కొంత తెలుస్తుంది. కాస్మిక్ కిరణాలకి విద్యుదావేశం ఉంది, దారిలోని అయస్కాంత క్షేత్రాలు వాటిని ఎటో తిప్పేస్తాయి, ఎక్కణ్ణుంచి వచ్చాయని వాటినే అడగలేం. గామా కిరణం తిన్నగా వస్తుంది.

పదిన్నరకి క్రాబ్ లేచే వేళ. రోహిణి అప్పటికే కొండ దాటింది, ఆ కిందుగా వృషభం కొమ్ము కొస దగ్గర ఉంటుంది. 1054లో చైనా వాళ్ళు చూసి రాసిపెట్టుకున్న నక్షత్ర విస్ఫోటనం మిగిల్చిన మేఘం అది, 6,500 కాంతి సంవత్సరాల దూరం. ఈ రకం టెలిస్కోపులన్నీ ముందు దీన్ని చూసే తమ కొలతలు సరిచూసుకుంటాయి. మేస్ మొదట చూసిందీ ఇదే. నడుమ ఉన్న పల్సార్, అంటే పేలిన నక్షత్రంలో మిగిలిన గట్టి ముద్ద, సెకనుకి 30 సార్లు గిర్రున తిరుగుతూ మిణుకుమంటుంది. దాని గామా కాంతి ఉపరితలం దగ్గర పుడుతుందా, దూరంగా పుడుతుందా అని ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. దగ్గరే పుడితే అక్కడి భయంకరమైన అయస్కాంత క్షేత్రం ఎక్కువ శక్తి కిరణాలని మింగేయాలి. 2008లో లా పాల్మాలోని మ్యాజిక్ టెలిస్కోప్ 25 గిగాలకి పైన కూడా ఆ టిక్ టిక్ పట్టుకుంది. అంటే దూరంగానే. ఒకే ఒక కొలత, తక్కువ శక్తి దాకా దిగగలిగినందువల్ల వచ్చింది. మిగతా పల్సార్లలో ఏం జరుగుతోందన్నది మేస్ లాంటివాటికి మిగిలిన పని.

బావ దుప్పటి కప్పుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. "ఎంత దూరం దాకా చూస్తుంది?" అడిగాడు.

ఆ ప్రశ్నకి జవాబే నన్ను ఇక్కడిదాకా తెచ్చింది. విశ్వం ఖాళీగా లేదు. ఇప్పటిదాకా వెలిగిన నక్షత్రాలన్నీ విడిచిన కాంతి, ధూళి వెచ్చబడి విడిచిన పరారుణ కాంతి గెలాక్సీల మధ్య పలచగా నిండి ఉంది. ఎక్కువ శక్తి గామా కిరణం ఆ కాంతి కణాన్ని ఢీకొంటే ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంట అయి అంతమైపోతుంది. అందుకే అతి శక్తివంతమైనవి దగ్గరి గెలాక్సీల నుంచే వస్తాయి, దూరానివి దారిలోనే రాలిపోతాయి. 20, 30 గిగాల కిరణాలకి ఆ బెడద తక్కువ, వందల కోట్ల కాంతి సంవత్సరాలు దాటి వస్తాయి. తక్కువ శక్తి పట్టగలిగితే ఎక్కువ దూరం కనిపిస్తుంది. ఇంకో సంగతి: ఒక దూరపు గెలాక్సీ వెలుగులో ఎంత శక్తి దగ్గర ఎన్ని కిరణాలు తగ్గాయో కొలిస్తే, దారిలో ఎంత నక్షత్రకాంతి ఉందో లెక్కతేలుతుంది. విశ్వం పుట్టినప్పటి నుంచి ఎన్ని నక్షత్రాలు ఎంత వెలిగాయన్న పద్దు అది. పద్దు అనగానే బావ లేచి కూర్చున్నాడు.

సోమవారం, తిరుగుదారి

చాలామంది హాన్లే నుంచి ఉమ్లింగ్ లా వెళ్తారు, 5,798 మీటర్ల మీది రోడ్డు. మేం వెళ్ళలేదు. తెల్లవారుజామున మూడింటి దాకా మెలకువగా ఉన్నాక అంత ఎత్తుకి పోవడం తెలివైన పని కాదనిపించింది.

బండిలో బావ కృష్ణపదార్థం దగ్గర పట్టుకున్నాడు, అంటే కంటికి కనపడకుండా గురుత్వాకర్షణ వల్ల మాత్రమే ఉందని తెలిసే పదార్థం. మేస్ లక్ష్యాల గురించి పేపర్లలో వచ్చినప్పుడల్లా ఆ మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కృష్ణపదార్థం బరువైన కణాలతో చేసిందైతే, అవి ఒకదాన్నొకటి ఢీకొని అంతమైనప్పుడు గామా కిరణాలు రావచ్చు. వాటి కోసం పాలపుంత చుట్టూ తిరిగే మరుగుజ్జు గెలాక్సీలవైపు చూస్తారు, అక్కడ నక్షత్రాలు కొద్ది, కృష్ణపదార్థం మెండు, వేరే గామా మూలాల గోల లేదు. ఇప్పటిదాకా ఏ టెలిస్కోప్‌కీ తిరుగులేని ఆనవాలు దొరకలేదు. నా మటుకు నాకు ఈ టెలిస్కోప్ పెట్టుబడి తిరిగొచ్చేది క్రియాశీల గెలాక్సీల్లోనూ, అంటే ఎన్‌జీసీ 1275 లాగా నడుమ కృష్ణబిలం చెలరేగేవాటిలోనూ, పల్సార్లలోనూ. కృష్ణపదార్థం దొరికితే లాటరీ. బావ దీన్ని ఒప్పుకోలేదు. లాటరీ కోసం కొనకపోయినా చేతిలో టికెట్ ఉండడం మంచిదే అంటాడు.

మేస్‌కి ఒక లోటు ఉంది. ఒంటరిది. నమీబియాలో, లా పాల్మాలో, అరిజోనాలో ఒకటికి మించి టెలిస్కోపులు ఒకే జల్లుని వేర్వేరు కోణాల నుంచి చూస్తాయి. రెండు కళ్ళుంటే లోతు తెలిసినట్టే, కిరణం ఎటు నుంచి వచ్చిందో వాటికి బాగా తెలుస్తుంది, ప్రోటాన్లనీ సులువుగా వడగడతాయి. మేస్ ఒక్క బొమ్మతోనే తేల్చుకోవాలి. పక్కన ఇంకోటి నిలబెడితే ఎత్తు వల్ల వచ్చిన లాభం రెట్టింపు అవుతుందని నా అభిప్రాయం. లా పాల్మాలోనూ చిలీలోనూ చెరెంకోవ్ టెలిస్కోప్ అరే పేరుతో పదుల సంఖ్యలో కొత్తవి వస్తున్నాయి. అవి రెండూ హాన్లే ఎత్తులో మాత్రం లేవు.

చుమథాంగ్‌లో ఆగి వేడినీళ్ళలో కాళ్ళు పెట్టాం. ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది. బావ ఇంటికి వీడియో కాల్ చేసి, వెనక బుగ్గలు చూపిస్తూ, మన ఈసీఐఎల్ వాళ్ళు చేసిన యంత్రం 20 కోట్ల సంవత్సరాల కిందటి వెలుగుని పట్టుకుందని మా అక్కకి చెప్పాడు. "సరే గానీ, దసరాకి సరుకులెప్పుడు తెస్తావు?" అంది అక్క.